రెండు ఇసుక పొరల మధ్య

పోర్ట్‌బ్లెయిర్‌లో ఎవరిని ఏ సంగతి అడిగినా తారీఖు చెప్పరు. "సునామీకి ముందు" అంటారు, కాకపోతే "సునామీ అయ్యాక" అంటారు. పెద్దపిల్ల పెళ్లి సునామీకి ముందు. మరపడవ కొన్నది సునామీ అయ్యాక. సిప్పీఘాట్ వైపు వరి పండించడం సునామీకి ముందు మాట. బాగా పెద్దవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ల లెక్క ఇంకా వెనక్కి, "జపానోళ్లు దిగిన ఏడు" దాకా పోతుంది. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. మా నోళ్లలో ఇంకా పాత పేరే ఆడుతోంది. కాలానికి గుర్తు మాత్రం సునామీయే.

అలా లెక్కపెట్టుకోవడంలో తప్పేమీ లేదు. 2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున్న ఆరున్నర కావస్తుండగా సుమత్రా దగ్గర మొదలైన చీలిక పది నిమిషాల్లో ఉత్తర అండమాన్ దాకా, దాదాపు 1,300 కిలోమీటర్లు పాకింది. గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం నీళ్లలో నిలబడిపోయింది. ఉత్తరాన ఇంటర్వ్యూ దీవి దగ్గర నేల పైకి లేచి, పగడపు దిబ్బలు గాలికి ఎండి చచ్చిపోయాయి. కార్ నికోబార్‌లో, కచ్చల్‌లో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అంతటి పొద్దును గీతగా పెట్టుకోక జనం ఏం చేస్తారు? నా పేచీ ఆ గీతతో కాదు. రెండు గీతల మధ్య ఉన్నదాన్ని మనం ఎంత తేలిగ్గా దాటేస్తామో, దానితో. ఈ పేచీ నాకు మనుషుల వల్ల రాలేదు, రాళ్ల వల్ల వచ్చింది.

కార్బిన్స్ కోవ్ బీచికి వచ్చినవాళ్లు కొబ్బరిచెట్ల కింద కాసేపు కూర్చుని, నీళ్లలో ఆడుకుని వెళ్లిపోతారు. నేను భూగోళం చెప్పే మనిషిని గనక పిల్లల్ని ఇసుక చివరి రాళ్ల దగ్గరికి తీసుకెళ్తాను. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు వెళ్లాలి. అలలు కోసి చదును చేసిన రాతి అరుగు అప్పుడే బయటపడుతుంది. ఆ అరుగు నిండా చారలు. లేత బూడిదరంగు పట్టీ ఒకటి, దాన్ని ఆనుకుని నల్లటి సన్నగీత ఒకటి, మళ్లీ పట్టీ, మళ్లీ గీత. ఏనాడో పరుపుగా పరిచిన పొరలు ఇప్పుడు ఏటవాలుగా లేచి నిలబడ్డాయి. పట్టీ అంటే ఇసుకరాయి, సుమారుగా జానెడు మందం. ఒకప్పటి అడుగు వైపు వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది; పై వైపుకు జరిపే కొద్దీ నునుపు దేరుతుంది. అడుగు ముఖం విడివడి బయటపడ్డ చోట నాలుక ఆకారపు ఉబ్బెత్తు గుర్తులు కనిపిస్తాయి, అన్నీ ఒకే దిక్కు చూస్తూ. నల్లగీత షేల్, అంటే గట్టిపడ్డ బురద. గోటితో గీరితే పెచ్చుపెచ్చుగా ఊడి వస్తుంది.

ఏది పడటానికి ఎక్కువ కాలం పట్టి ఉంటుంది అని అడుగుతాను. ప్రతి తరగతిలోనూ వేళ్లు జానెడు పట్టీ వైపే పోతాయి. మందంగా ఉన్నది ఎక్కువ కాలం తీసుకుని ఉంటుందని ఎవరికైనా తోస్తుంది. జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. జానెడు ఇసుకరాయి కొన్ని గంటల పని. వేలెడు కూడా లేని ఆ నల్లగీత వందల ఏళ్లది, ఒక్కోచోట వేల ఏళ్లది.

ఈ రాళ్లకు 1885లో ఆర్.డి.ఓల్డ్‌హామ్ పోర్ట్‌బ్లెయిర్ శ్రేణి అని పేరు పెట్టాడు. ఇప్పటి భూగర్భశాస్త్రవేత్తలు అండమాన్ ఫ్లిష్ అంటారు. వయసు సుమారు మూడు కోట్ల ఏళ్లు. పుట్టింది ఒడ్డున కాదు, సూర్యుడి వెలుగు ఎన్నడూ చేరని సముద్రపు అడుగున. అక్కడికి ఇసుక ఎలా చేరింది అన్నది ఒక శతాబ్దం క్రితం ఎవరికీ అంతుపట్టని ప్రశ్న. ఇసుక ఏటి ఒడ్డున, సముద్రపు ఒడ్డున ఉండాల్సిన వస్తువు.

నది సముద్రంలో కలిసిందంటే దాని కథ అయిపోయిందని మనకు చిన్నప్పటినుంచీ ఒక నమ్మకం. ధవళేశ్వరం బ్యారేజి మీద నిలబడి వరద గోదారిని చూసినవాళ్లకు ఆ ఎర్రనీళ్లలో ఎంత మట్టి పోతోందో తెలుసు. ఆ మట్టి యానాం దగ్గరో అంతర్వేది దగ్గరో సముద్రంలో పడి అక్కడే కూర్చుంటుందనుకుంటాం. కొంత కూర్చుంటుంది, కోనసీమ అలా పుట్టిందే. తక్కినది కదులుతూనే ఉంటుంది. తీరం నుంచి కొంతదూరం దాకా సముద్రం లోతు తక్కువ. పాఠ్యపుస్తకంలో దాన్ని ఖండతీరపు అంచు అంటాం. అది దాటాక నేల రెండు మూడు కిలోమీటర్ల లోతుకు దిగిపోతుంది; అది ఖండతీరపు వాలు. ఆ వాలును నిలువునా కోసుకుంటూ సముద్రం అడుగున లోయలు ఉన్నాయి, భూమ్మీద నదులు కోసిన లోయలకు ఎందులోనూ తీసిపోనివి. మట్టి కిందికి దిగే దారులు అవే.

తెలుగువాళ్లకు ఈ లోయలు పరాయివి కావు. 1950ల్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్రశాస్త్రవేత్త విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశారు. అక్కడ భూగర్భశాస్త్ర ఆచార్యులు సి.మహదేవన్. మన తూర్పు తీరంలో సముద్రపు అడుగును చదివే విద్యకు ఆ రోజుల్లోనే పునాది పడింది. తర్వాత లాఫాండ్ ఈ తీరపు వాలు మీద గుర్తించిన మూడు లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టి, 1964లో ఇండియన్ జియోఫిజికల్ యూనియన్ పత్రికలో ప్రకటించారు. పాఠం చెప్పిన మనిషి పేరు సముద్రం అడుగున ఒక లోయకు ఉండటం నాకు ఎంతో సంతోషం కలిగించే సంగతి. విశాఖ బడుల్లో ఇది ప్రతి పిల్లకూ చెప్పాలి.

అన్నిటికన్నా పెద్దది బంగాళాఖాతం తల దగ్గర, సుందర్బన్లకు దక్షిణాన ఉంది. ఓడలవాళ్లు సీసపు గుండు కట్టిన తాడు వదిలితే అడుగు తగలకపోవడంతో దానికి 'స్వాచ్ ఆఫ్ నో గ్రౌండ్' అని పేరు పడింది. గంగా బ్రహ్మపుత్రలు ఏటా మోసుకొచ్చే మట్టి దాదాపు వంద కోట్ల టన్నులు. అందులో మూడోవంతు దాకా ఈ లోయ పాలవుతుంది. లోయ దిగువన పరుచుకున్నదే బెంగాల్ ఫ్యాన్, ప్రపంచంలోకెల్లా పెద్ద మట్టిమేట. పొడవు మూడు వేల కిలోమీటర్లు. భూమధ్యరేఖ దాటి అవతలికి పోతుంది. జోసెఫ్ కరే, డేవిడ్ మూర్ 1971లో దాని ఆకృతిని లోకానికి వివరించారు. కరిగిన హిమాలయం అక్కడుంది.

లోయలో మట్టి దిగే తీరు మెల్లగా జారడం కాదు. ఏళ్ల తరబడి లోయ తల దగ్గర పేరుకుంటుంది. ఒకరోజు భూకంపమో తుపానో పెద్ద వరదో కదిపితే, నీళ్లూ మట్టీ కలగలిసి వాలు మీద పరుగు తీస్తాయి. చుట్టూ ఉన్న నీటికన్నా బరువు కాబట్టి ఆ బురద వరద అడుగునే పట్టుకుని పోతుంది. పోతూ పోతూ కింది మట్టిని రేపి తనలో కలుపుకుని, మరింత బరువెక్కి, మరింత వేగం పుంజుకుంటుంది. చదును తగిలాక వేగం పడిపోతుంది. ముందు ముతక ఇసుక దిగుతుంది, తర్వాత సన్నది, ఆఖరున బురద. కార్బిన్స్ కోవ్‌లో వేలికి తగిలిన గరుకు, నునుపు ఇదే. నాలుక గుర్తులు ఆ వరద మొదట కింది బురదను తొలిచిన గుంటలు. వాటిలో ఇసుక నిండి అచ్చు పడింది. వరద ఏ దిక్కుకు పోయిందో ఆ అచ్చులు చూసి చెప్పొచ్చు. మూడు కోట్ల ఏళ్ల కిందటి ఒక మధ్యాహ్నమో అర్ధరాత్రో చీకట్లో జరిగిన పరుగు అది, దాని దిక్కు కూడా చెరగలేదు.

మనుషులు దీన్ని కనుక్కున్నది తెగిన తీగల వల్ల. 1929 నవంబరు 18న కెనడా తూర్పు తీరం ముందు గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర భూకంపం వచ్చింది. అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫు తీగలు పన్నెండు తెగాయి. కొన్ని అప్పటికప్పుడే పోయాయి. మిగతావి లోతుకు పోయేకొద్దీ ఆలస్యంగా, వరుసగా, పదమూడు గంటలకు పైగా తెగుతూనే ఉన్నాయి. భూకంపమే తెంపి ఉంటే అన్నీ ఒక్కసారే తెగాలి కదా. డచ్ శాస్త్రవేత్త ఫిలిప్ కునెన్, ఇటలీకి చెందిన మిగ్లియోరిని 1950లో ఈ బురద వరదల సిద్ధాంతాన్ని రాళ్లలోని పొరలకు ముడిపెట్టారు. 1952లో బ్రూస్ హీజెన్, మారిస్ యూయింగ్ పాత టెలిగ్రాఫు రికార్డులు బయటికి తీశారు. ఏ తీగ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు మూగబోయిందో అందులో రాసి ఉంది. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం తేలింది. మొదట్లో గంటకు వంద కిలోమీటర్ల దాకా అని వాళ్ల లెక్క, తర్వాతివాళ్లు దాన్ని కొంత తగ్గించారు. 2020 జనవరిలో ఆఫ్రికాలో కాంగో నది ముందున్న లోయలో కదిలిన బురద వరద వెయ్యి కిలోమీటర్లకు పైగా పోయి ఇంటర్నెట్ తీగల్ని తెంపేసింది.

అదే ఏడాది ఆగస్టు 10న చెన్నై నుంచి మా దీవులకు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది, దాదాపు 2,300 కిలోమీటర్లు. అంతకుముందు ఇక్కడ ఉపగ్రహమే దిక్కు. మబ్బు పట్టిందంటే మెయిన్‌లాండ్‌లో చదువుకుంటున్న పిల్లలతో మాట కలవడం గగనమయ్యేది. ఇప్పుడు నడిరాత్రి కూడా మొహాలు చూసుకుని మాట్లాడుకుంటున్నాం. ఆ మాటలు వస్తున్న తీగ పడుకుని ఉన్నది బెంగాల్ ఫ్యాన్ మీద. అది తెలిసిన దగ్గర్నుంచీ కాల్ కలిసిన ప్రతిసారీ నా మనసు ఒకసారి కిందికి పోయి వస్తుంది.

ఇక నల్లగీత సంగతి. నేను చెప్పాలనుకున్నదంతా దాని గురించే.

బురద వరద వెళ్లిపోయాక ఆ చీకట్లో ఏమవుతుంది? ఏమీ కాదనే అనాలనిపిస్తుంది. ఎక్కడో పైన, వెలుతురు తగిలే నీళ్లలో బతికి చచ్చిన సూక్ష్మజీవుల పెంకులు, గాలి మోసుకొచ్చిన దుమ్ము, దూరపు నదుల సన్నటి బురద కిలోమీటర్ల లోతుకు రాలుతూ ఉంటాయి. వెయ్యేళ్లకు కొన్ని సెంటీమీటర్లు పేరుకుంటే గొప్ప. అడుగున పురుగులు ఆ బురదలో తిరిగి, తిని, బొరియలు చేసుకుని బతుకుతాయి. మళ్లీ ఇసుక వచ్చి పడేదాకా ఇదే. పైగా రాయిగా మారేటప్పుడు బురద బరువుకు నలిగి ఇంకా పలచబడుతుంది. ఇసుక అంతగా నలగదు. చివరికి కాలమంతా దాచుకున్న పొర కంటికి ఆననంత సన్నగా మిగులుతుంది. కొన్ని గంటల పని కొండై నిలబడుతుంది.

ఒకసారి తరగతిలో బోర్డు మీద లెక్క వేశాం. అండమాన్ ఫ్లిష్ మందం మూడు కిలోమీటర్ల దాకా ఉంటుందని అంచనా. అదంతా జానెడు ఇసుక పొరలే అనుకున్నాం. పదమూడు వేల పొరలు వచ్చాయి. ఒక్కో పొరకు ధారాళంగా ఒక రోజంతా ఇచ్చాం. మొత్తం కలిపితే ముప్పై ఆరేళ్లు. ఆ రాళ్లు పడటానికి పట్టిన అసలు కాలం లక్షల ఏళ్లు. మిగతా కాలం ఎక్కడుంది సార్ అని ఒక పిల్ల అడిగింది. గీతల్లో ఉంది అన్నాను. ఆ పిల్ల బోర్డు వైపు చూసి, పుస్తకంలో గీసుకున్న బొమ్మలోని నల్లగీతల్ని మళ్లీ దిద్దడం మొదలుపెట్టింది, ఈసారి ఒత్తి.

శాస్త్రవేత్తలకు ఈ సన్నపొర అవసరం ఇంకా ఎక్కువ. ఇసుకలో దొరికే పెంకు కాలానికి సాక్ష్యంగా పనికిరాదు. అది తీరం దగ్గర ఎప్పుడో బతికిన జీవిది కావచ్చు, వరదతో కొట్టుకొచ్చి రెండు కిలోమీటర్ల లోతున పడింది. అందుకని ఇసుకకు కిందా పైనా ఉన్న బురదలోంచి ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల పెంకుల్ని ఏరి, కార్బన్ పరీక్షతో వయసు కడతారు. విపత్తు ఎప్పుడు వచ్చిందో విపత్తు చెప్పదు. దానికి ముందూ వెనకా ఉన్న ప్రశాంతమైన కాలాన్ని అడగాలి. సుమత్రా ముందు సముద్రపు అగాధం (ట్రెంచి) చుట్టుపక్కల గొట్టాలు దించి తీసిన మట్టి కోర్‌లలో పొరలు ఇలా లెక్కపెట్టి, జేసన్ ప్యాటన్, క్రిస్ గోల్డ్‌ఫింగర్ బృందం 2015లో 6,600 ఏళ్ల భూకంపాల వరుసను ప్రకటించింది. అండమాన్ సముద్రానికి అవతలి ఒడ్డున, థాయ్‌లాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవిలో గొయ్యి తవ్వితే ఇదే పద్ధతి కనిపించింది. నల్లమట్టి మీద 2004 తెల్ల ఇసుక పరిచి ఉంది. దాని కింద నల్లమట్టి, ఆ కింద మళ్లీ తెల్ల ఇసుక, ఇంకా కింద ఇంకో రెండు. 2004 నాటి పొరకు వెనకటిది 550 నుంచి 700 ఏళ్ల కిందటిదని 2008లో తేల్చారు. 1881లో కార్ నికోబార్ దగ్గర, 1941లో మధ్య అండమాన్ దగ్గర పెద్ద భూకంపాలు వచ్చాయి గానీ 2004 లాంటిది ఈ దీవుల్లో రాతలో లేదు.

అయితే మాటలో ఉందేమో. లిటిల్ అండమాన్‌లో డుగాంగ్ క్రీక్ దగ్గరుండే ఓంగే ఆదివాసులు ఆ పొద్దున్న సముద్రం తీరు చూసి ఎత్తైన చోటుకు వెళ్లి బతికారు. అప్పటికి ప్రాణంతో ఉన్న ఓంగేల్లో ఎవరూ అంతటి కెరటాన్ని చూసి ఉండరు. వాళ్ల తాతలు కూడా చూసి ఉండరు. నేల ఊగితే, సముద్రం వెనక్కి తీస్తే ఒడ్డున నిలబడకూడదన్న ముక్కను, తమ జీవితకాలంలో దాని అవసరమే రాని తరాలు పిల్లలకు చెప్పి, ఆ పిల్లలు వాళ్ల పిల్లలకు చెప్పి ఉండాలి. ఏమీ జరగని తరాలు మోసుకొచ్చిన మాట అది. వాళ్లు మధ్యలో ఎక్కడో ఇదెందుకులే అనుకుని ఆపేసి ఉంటే డుగాంగ్ క్రీక్‌లో ఎవరూ మిగిలేవాళ్లు కారు.

2016లో జాయిడిస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక సుమత్రా ముందు, బెంగాల్ ఫ్యాన్‌కు తోబుట్టువైన నికోబార్ ఫ్యాన్‌ను తవ్వింది. మరుసటి ఏడాది వచ్చిన ఫలితం చదివి నేను చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. హిమాలయాల మట్టి అక్కడ అంత మందాన పేరుకోవడం వల్ల, ట్రెంచికి చేరకముందే అడుగు పొరలు వేడెక్కి, ఖనిజాల్లో ఇరుక్కున్న నీరు బయటికి పోయి గట్టిపడ్డాయి. అందుకే 2004లో చీలిక లోతున ఆగకుండా సముద్రపు అడుగు దాకా ఎగబాకింది. అందుకే కెరటం అంత పెద్దదైంది అని ఆ పరిశోధకుల వాదన. అంటే ఆ పది నిమిషాల వెనక లక్షల ఏళ్ల మట్టి ఉంది, గంగలో బ్రహ్మపుత్రలో రవ్వ రవ్వగా కొట్టుకొచ్చింది. అప్పటిదాకా మెల్లగా జరిగేదీ, ఒక్కసారిగా జరిగేదీ వేర్వేరని అనుకుంటూ వచ్చాను. మొదటిది రెండోదాన్ని తయారుచేస్తుంది.

ఆ ఫ్యాన్‌లో మట్టి ఒక్కటే లేదు. 2015లో అదే నౌక నికోబార్‌కు పడమటగా, 8 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట బెంగాల్ ఫ్యాన్‌ను తవ్వినప్పుడు ఇసుక పొరల్లో చెక్కముక్కలు దొరికాయి. కొన్ని ఎత్తైన హిమాలయపు కొండల చెట్లవి. ఏటి వరదలో కొట్టుకొచ్చి, లోయ దిగి, వేల కిలోమీటర్లు పోయి, సముద్రపు అడుగున కుళ్లకుండా నిలిచాయి. కోటీ తొంభై లక్షల ఏళ్లుగా ఇలా జరుగుతూనే ఉందని 2019లో రాశారు. హరిద్వార్‌లో నీళ్లలో ఆకుదొన్నె వదిలినప్పుడు అది ఏ మలుపు దగ్గరో మునిగిపోతుందని తెలుసు. దాని వెనకే వస్తున్న చెట్టుకొమ్మ ఎంతదూరం పోగలదో తెలియదు.

ఈ దీవుల పుట్టుక కూడా ఆ మట్టిలోనే. భారత ఫలకం ఈశాన్యానికి జరుగుతూ ట్రెంచి దగ్గర కిందికి దూరుతుంది. దాని వీపున ఉన్న మట్టి అంతా దాంతోపాటు దిగదు. కళ్లంలో పారతో ధాన్యం నెడుతుంటే ముందు పోగుపడ్డట్టు, గోకబడి, మడతపడి, పైకి లేస్తుంది. అలా లేచిన పోగులో కొన్ని తలలు నీళ్ల పైకి వచ్చాయి. మనం వాటి మీద ఇళ్లు కట్టుకున్నాం. పోర్ట్‌బ్లెయిర్ ఇసుకరాయి ఏ నది తెచ్చిందన్న వాదన ఇంకా తెగలేదు. హిమాలయాలదని కొందరు, బర్మా కొండలదని కొందరు, రెండూ కలిశాయని మరికొందరు. బారాతాంగ్ దీవిలో బురద అగ్నిపర్వతాలు చూసినవాళ్లకు ఆ పోగు ఇంకా సర్దుకోలేదని తెలుస్తుంది. నీలంబూర్ జెట్టీ నుంచి కాస్త దూరం పోయి మెట్లెక్కితే కంచె లోపల బూడిదరంగు బురద గుంట. బుడగ మెల్లగా ఉబ్బుతుంది, పగులుతుంది, బురద రెండు వేళ్ల మందాన అంచు దాటి జారుతుంది. పైకి వచ్చేది మీథేన్. వచ్చినవాళ్లు ఇంతేనా అని వెనక్కి తిరుగుతారు. 2003లోనూ, 2004 భూకంపం తర్వాతా అది గట్టిగానే ఎగదన్నింది. నాకు మాత్రం ఇంతేనా అనిపించే రోజుల్లోనే దాని దగ్గర నిలబడాలని ఉంటుంది.

మన తెలుగు నేల మీద ఇలా పొరలు చదవగల చోటు ఇంకొకటి ఉంది. నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలో జ్వాలాపురం. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద అక్కడ పడి, వానకు కొట్టుకొచ్చి, రెండు మీటర్లకు పైగా పేరుకుంది. గిన్నెలు తోమే పొడికని దాన్ని తవ్వుకునేవారు. ఆ బూడిద కిందా, పైనా కూడా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. బూడిద గోడ తెల్లగా, ఎత్తుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫొటోల్లో అదే ఉంటుంది. పనిముట్ల మట్టికి అంత రూపం లేదు. కానీ అక్కడ కూర్చుని రాయి చెక్కినవాళ్లు, ఆకలైనవాళ్లు, పిల్లల్ని పెంచినవాళ్లు ఉన్నది ఆ మట్టిలోనే.

ఇక మా సంగతి. అండమాన్ చరిత్ర అని ఏ పుస్తకం తీసినా మందపాటి పొరలే ఉంటాయి. 1858లో ఖైదీల ఓడలు, 1906కు పూర్తయిన సెల్యులర్ జైలు, 1942 మార్చిలో జపాన్ సైన్యం, 1943 డిసెంబరు 30న నేతాజీ ఎగరేసిన జెండా, 2004. అల్లూరి సీతారామరాజు అనుచరుడు బోనంగి పండుపడాల్‌ను ఇక్కడికి పంపారన్నది తెలుగువాళ్లం గర్వంగా, బాధగా చెప్పుకునే మాట. అవన్నీ ఉండాల్సినవే. ఒక్క అక్షరం తీసేయమని నేను అనను. కానీ 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు నూటికి పదమూడు మంది. వాళ్లు జైలు ఓడల్లో వచ్చినవాళ్లు కారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వల భుజాన వేసుకుని బతకడానికి వచ్చిన కుటుంబాలు. వాళ్ల గురించి పుస్తకాల్లో ఒక పేరా దొరికితే ఎక్కువ.

పోర్ట్‌బ్లెయిర్‌లోనే, జంగ్లీఘాట్‌లో మా మేనత్త ఉంది. పెళ్లయిన కొత్తలో వచ్చింది. కొన్నాళ్లుగా నేను నోట్‌బుక్ పట్టుకుని ఆమె దగ్గర కూర్చుంటున్నాను. సునామీ గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. అందరూ అడిగారు, అందరికీ చెప్పింది, మాటలు నలిగి నున్నబడ్డాయి. దానికి ముందు నలభై ఏళ్ల మాటేమిటి అత్తా అంటే చెయ్యి ఊపేసింది.

"ఏటి రాత్తావురా బావూ? అప్పుడేటీ అవనేదు."

ఏమీ అవలేదంటూనే మొదలుపెట్టింది. అప్పట్లో ఐసు లేదు. పట్టింది పట్టినట్టు ఎండబెట్టాలి. ఇక్కడేమో మే నెల నుంచి డిసెంబరు దాకా వాన. నెత్తళ్లు గోనెల మీద పరిస్తే మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది, ఎత్తి లోపల పెట్టాలి, వాన వెలిస్తే మళ్లీ పరవాలి. రోజుకు ఎన్నిసార్లో లెక్క లేదు. ఇంట్లో ఆడవాళ్లందరి నడుములూ అందుకే పోయాయట. ఊరినుంచి ఉత్తరం ఓడ మీద వచ్చేది. చదివి పెట్టేవాడు ఒక్కడే ఉండేవాడు. వాడు సముద్రం మీద ఉంటే వాడు వచ్చేదాకా కవరు విప్పకుండా దేవుడి పటం వెనక పెట్టేవాళ్లు. ఒకసారి అలా పెట్టిన ఉత్తరంలో తన తల్లి పోయిన కబురు ఉంది. నాలుగు రోజులు పటానికి దండం పెట్టుకుంటూ తిరిగానని చెప్పింది. పక్కింటి బెంగాలీ ఆమె దగ్గర ఆవపిండితో చేప వండటం నేర్చుకుంది, ఆమెకు చింతపండు పులుసు నేర్పింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఈ దీవుల హిందీ తర్వాత వచ్చింది, ముందు కూర వచ్చింది. ఉప్పు ఎంత వెయ్యాలో గుప్పిట్లో పోసి చూపించుకునేవాళ్లట.

నోట్‌బుక్‌లో ఎడమవైపు ఏళ్లు రాసుకున్నాను, కుడివైపు ఎవరు ఏం చెబితే అది. చెప్పేవాళ్లకు ఏడు గుర్తుండదు. పెద్దాడు పుట్టినప్పుడు, పెంకుటిల్లు వేసినప్పుడు, ఫలానా పడవ తిరిగి రానప్పుడు అని చెబుతారు. వాటికి ముందూ వెనకా ఏముందో అడిగి, ఇంకొకరి మాటతో సరిచూసి, ఏడు పట్టుకోవాలి. 1942 నుంచి 1945 దాకా పేజీలు ఎవరో ఒకరి పుస్తకంతో నిండుతాయి. 2004 పేజీ చాలక కాగితాలు అంటించాను. 1960ల పేజీలు ఇంకా చాలావరకు తెల్లగానే ఉన్నాయి. ఆ రోజుల్లో జంగ్లీఘాట్‌లో వల లాగిన పెద్దలు ఇద్దరు ముగ్గురే మిగిలారు. ఒకాయనకు వినికిడి తగ్గింది, దగ్గరగా కూర్చుని గట్టిగా అడగాలి. ఎండుచేపల ధర గురించి, ఉత్తరాల గురించి, అప్పట్లో పడవ ఏ కర్రతో చేసేవాళ్లో దాని గురించి అడగాల్సినవి ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. సునామీ గురించి ఈసారి అడగను. వాన తెరిపి ఇవ్వగానే బయల్దేరతాను.